లేపాక్షి కప్పు మీది కబాయి

విజయనగర కాలంనాటి రాజునో మంత్రినో దండనాయకుణ్ణో రంగస్థలం మీద చూపవలసి వచ్చినప్పుడు మెరిసే మఖమలు చొక్కా, దాని అంచులకు జలతారు, తలమీద బంగారు కాగితం అంటించిన కిరీటం అన్న అలంకరణ తెలుగునాట చాలాకాలంగా స్థిరపడిపోయింది. పాఠశాల వార్షికోత్సవాలకూ విచిత్ర వేషధారణ పోటీలకూ అద్దెకు దొరికే రాజు వేషాలు చాలావరకు ఈ మూసలోనివే. ఆ కాలపు కొలువులో మనుషులు నిజంగా ఏమి తొడుక్కున్నారో తెలిపే ఆధారాలు మాత్రం రాయలసీమలోనే, ఎవరైనా వెళ్లి తలెత్తి చూడగలిగిన చోట ఉన్నాయి. వాటిని బట్టి చూస్తే అసలు కొలువు ఉడుపు మఖమలు చొక్కాకంటే అందమైనది, వేసవికి అనువైనది, అన్నిటికీ మించి కుట్టుపని కొత్తగా నేర్చుకుంటున్నవారు సైతం పూర్తిచేయగలిగినంత సులువైనది. దాని పేరు కబాయి. దానితో పాటు తలకు పెట్టుకునే పొడవాటి టోపీ పేరు కుళ్లాయి.

ఈ జంటను స్పష్టంగా చూపే చోటు హిందూపురానికి దగ్గరలోని లేపాక్షి వీరభద్రాలయం. అచ్యుతదేవరాయల పాలనాకాలంలో, అంటే 1529కీ 1542కీ మధ్య, విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు విస్తరింపజేసిన ఆ గుడి మండపాల కప్పు మీద సున్నపు పూత వేసి, ఎర్రమన్ను, పసుపుమన్ను, మసి, సున్నం వంటి రంగులతో చిత్రాలు గీశారు. శివకల్యాణం, కిరాతార్జునీయం వంటి పురాణ ఘట్టాల నడుమ ఆలయదాతలూ వారి పరివారమూ కనిపిస్తారు. వారి ఒంటిమీద చేతులు పూర్తిగా కప్పే, మోకాళ్లు దాటి కిందికి జారే పల్చని తెల్లని అంగీ, నడుముకు దట్టీ, తలమీద పైకి సన్నబడుతూ పోయే కుళ్లాయి ఉంటాయి. చిత్రకారులు వస్త్రాల మీది అచ్చులనూ అంచులనూ ఎంత శ్రద్ధగా వేశారంటే, పదహారో శతాబ్దపు దక్షిణాది నేతబట్ట ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఆ కప్పు నేటికీ ఆకరంగా ఉపయోగపడుతున్నది.

కబాయి, కుళ్లాయి అన్న పేర్ల మూలాలు బయటివి. కబా అనేది అరబ్బు, పారసీక దేశాల్లో ముందు భాగం తెరచుకునే పొడవాటి అంగీ. కులాహ్ అనేది పారసీకుల టోపీ. ఆ రెండూ దక్కన్ సుల్తానుల కొలువుల మీదుగానూ, గుర్రాల వర్తకుల ద్వారానూ, రాయబారుల ద్వారానూ విజయనగరానికి చేరి అక్కడి కొలువుకు తగిన ఉడుపుగా మారాయి. రెండవ దేవరాయల కొలువుకు వెళ్లిన శ్రీనాథుడు తల మీద కుళ్లాయి పెట్టుకోవలసి వచ్చిన సంగతిని ఆయన పేర ప్రసిద్ధమైన చాటుపద్యం ప్రస్తావిస్తుంది కాబట్టి, పదిహేనో శతాబ్ది నాటికే ఆ టోపీ అక్కడి రాజసభ మర్యాదల్లో ఒకటై ఉండాలి. అదే రాజును 1443లో దర్శించిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ రాజు పట్టు అంగీ ధరించి ఉన్నాడని రాశాడు. సుమారు 1520 నాటి పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, బంగారు గులాబీలు కుట్టిన తెల్లని వస్త్రాలతో, జరీబట్ట టోపీతో కృష్ణదేవరాయలు కనిపించాడని వర్ణించాడు. సినిమాల వల్ల కళ్లకు అలవాటైన ముదురు ఎరుపు మఖమలుకు ఈ వర్ణనలో చోటు లేదు. తెలుపూ బంగారమూ కలిసిన ఆ జోడింపు నేటి రంగస్థల దీపాల కింద కూడా ఎంతో హుందాగా ఉంటుంది.

రాయలసీమలోనే ఉన్న నంద్యాల జిల్లాకు ఈ చరిత్రతో ఉన్న సంబంధం దూరపుది కాదు. ఆళ్లగడ్డకు సమీపంలోని అహోబిలాన్ని కృష్ణదేవరాయలు 1515లో దర్శించి కానుకలు సమర్పించినట్టు అక్కడి శాసనం చెబుతుంది. పింగళి సూరన తన కళాపూర్ణోదయాన్ని అంకితమిచ్చినది నంద్యాల కృష్ణమరాజుకే. నాటకం వైపు నుంచి చూసినా ఈ నేల వెనుకబడినది కాదు: 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజమూ, విజయనగర పతనాన్ని ఇతివృత్తంగా తీసుకుని కోలాచలం శ్రీనివాసరావు రాసిన నాటకమూ, అందులో పఠాన్ రుస్తుం పాత్రతో పేరు తెచ్చుకున్న బళ్లారి రాఘవా ఈ చుట్టుపక్కల నుంచి వచ్చినవారే. మిడుతూరులోనో నందికొట్కూరులోనో ఒక పాఠశాల రాయల కాలపు సన్నివేశాన్ని ప్రదర్శించదలచుకుంటే, ఆ ఉడుపును తమ చేతులతోనే కుట్టుకోవడం చరిత్ర పాఠంలో భాగం కాగలదు. అద్దె దుస్తుల దుకాణం ఆ పాఠం చెప్పలేదు.

కబాయి కత్తిరింపు సులువుగా ఉండడానికి కారణం మగ్గంలో ఉంది. 1733లో ఇంగ్లండులో జాన్ కే తాడు లాగితే పరుగెత్తే నాడెను కనిపెట్టకముందు, నేతగాడు నాడెను ఒక చేతితో విసిరి రెండో చేతితో అందుకునేవాడు. అందువల్ల ఒక్కడు నేసే బట్ట పన్నా, అంటే అడ్డకొలత, అతని చేతుల చాపును మించేది కాదు. వడకడం, పడుగు పోయడం, నేయడం అన్నీ చేతిపనులే కాబట్టి అంగుళం బట్ట కూడా విలువైనదే. అందుకే పాతకాలపు అంగీలు ఒంటి వంపులను అనుసరించి కాక, బట్ట నిలువు దారాలను అనుసరించి నలుచదరాలుగా, త్రిభుజాలుగా కత్తిరించబడ్డాయి. ఒంటికి బిగువు కావలసిన చోట బట్టను కోయడానికి బదులు, వదులు కావలసిన చోట ఒక ముక్కను చేర్చారు. ఈ పద్ధతి ఒక్క దేశానిది కాదు. గ్రీన్‌లాండులోని హెర్యోల్ఫ్‌స్నెస్ శ్మశానంలో 1921లో పోల్ నోర్లుండ్ అనే డెన్మార్కు పురావస్తు శాస్త్రజ్ఞుడు తవ్వి తీసిన మధ్యయుగపు ఉన్ని అంగీలూ, స్వీడనులో బోక్‌స్టెన్ అనే చోట 1936లో బురదనేలలో బయటపడిన పద్నాలుగో శతాబ్దపు పురుషుడి అంగీ కూడా ఇదే సూత్రంతో, కింది భాగంలో త్రికోణపు ముక్కలు చేర్చి కుట్టినవే. యూరపు మధ్యయుగపు స్త్రీల గౌనును నేర్చుకోదలచినవారు సైతం కింద చెప్పబోయే కత్తిరింపునే పాదాల దాకా పొడిగించి, దట్టీ బదులు సన్నని నడికట్టు కట్టి సంతృప్తికరంగా వాడుకోవచ్చు.

లేపాక్షి చిత్రాల్లో కనిపించే పల్చదనం కోసం మొదటి ప్రయత్నంలోనే మల్లు గుడ్డ తీసుకోవడం మంచిది కాదు, ఎందుకంటే అది కత్తెర కింద జారుతుంది, మిషను పాదం కింద ముడుచుకుంటుంది, విప్పి మళ్లీ కుడితే సూది రంధ్రాలు కనిపిస్తాయి. మధ్యరకపు తెల్లని నూలుబట్ట గానీ చేనేత గానీ చేతికి లొంగుతుంది. ఎమ్మిగనూరు వంటి చేనేత కేంద్రాలున్న ఈ ప్రాంతంలో అలాంటి బట్ట దొరకడం కష్టం కాదు. కొన్న బట్టను కత్తిరించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. నూలు మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది కనుక ఈ పని దాటవేసిన కబాయి తొలి ప్రదర్శనకు సరిపోయి, రెండో ప్రదర్శనకు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. నలభై నాలుగు అంగుళాల పన్నా గల బట్ట మూడు మీటర్లు ఒక మనిషి కబాయికి చాలు.

ఐదడుగుల ఆరంగుళాల ఎత్తు, ముప్పై ఎనిమిది అంగుళాల ఛాతీ ఉన్న వ్యక్తిని ఉదాహరణగా తీసుకుంటే లెక్క ఇలా సాగుతుంది. ఛాతీ కొలతకు వదులు కోసం ఎనిమిది అంగుళాలు కలిపితే నలభై ఆరు, అందులో సగం ఇరవై మూడు, రెండు వైపుల కుట్టు కోసం ఒక అంగుళం చేరిస్తే ఇరవై నాలుగు. ఒంటి ముక్క వెడల్పు ఇదే. భుజం నుంచి పిక్కల కిందిదాకా నలభై ఎనిమిది అంగుళాలు, అంచు మడతకు రెండు కలిపి యాభై. ముందూ వెనుకా ఒకే ముక్కగా భుజాల దగ్గర మడత పడాలి కాబట్టి మొత్తం నూరు అంగుళాల పొడవు కావాలి. భుజం దగ్గర కుట్టు లేకపోవడం ఈ కత్తిరింపులో కొత్తవారికి కలిగే మొదటి మేలు. పన్నాలో ఇరవై నాలుగు అంగుళాలు ఒంటికి పోగా, పక్కన ఇరవై అంగుళాల వెడల్పు, నూరంగుళాల పొడవు గల పట్టీ మిగులుతుంది, మిగతా ముక్కలన్నీ అందులోంచే వస్తాయి. ఇరవై రెండు అంగుళాల పొడవున రెండు చేతులకు నలభై నాలుగు, వాటి కింద కలీలకు ముప్పై నాలుగు పోతే ఇరవై రెండు అంగుళాలు మిగులుతాయి. మెడ పట్టీకీ, చంక ముక్కలకూ అది చాలినంత. వృథా అయ్యేది చేతుల అంచున తీసేసే సన్నని పేలికలు మాత్రమే.

కలీ అంటే అంగీ కింది భాగానికి ఘేరా ఇవ్వడానికి చేర్చే త్రికోణపు ముక్క. ఇరవై అంగుళాల వెడల్పు, ముప్పై నాలుగు అంగుళాల పొడవు ఉన్న ముక్కను నిలువుగా రెండు సమభాగాలు చేసి, ఒక్కొక్క భాగాన్ని మూల నుంచి మూలకు ఐమూలగా కత్తిరిస్తే నాలుగు త్రిభుజాలు వస్తాయి, పక్కకు రెండు చొప్పున అవి సరిపోతాయి. ప్రతి త్రిభుజానికీ ఒక నిటారు అంచు, ఒక ఐమూల అంచు ఉంటాయి. నిటారు అంచు నిలువు దారం వెంట ఉంటుంది కనుక సాగదు. ఐమూల అంచు, అంటే దర్జీలు క్రాస్ అని పిలిచేది, లాగితే సాగుతుంది. అందువల్ల ఒంటి ముక్క నిటారు అంచుకు కలీ ఐమూల అంచును జతచేసి, కలీల నిటారు అంచులను ఒకదానితో ఒకటి కలపాలి. రెండు ఐమూల అంచులను కలిపి కుడితే కింది అంచు అలలుగా వేలాడుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా అది సరికాదు. ఈ జత కుదిరాక కింది చుట్టుకొలత దాదాపు ఎనభై రెండు అంగుళాలవుతుంది, నటుడు పెద్ద అంగలు వేసినా, మోకాలి మీద కూర్చున్నా అంగీ పట్టేయదు.

చేతి ముక్క పైభాగాన ఇరవై అంగుళాలు ఉంచి, మోచేయి దాటాక రెండు పక్కలా క్రమంగా తగ్గిస్తూ మణికట్టు దగ్గర పదకొండుకు తేవాలి. ఒంటి ముక్క భుజం దాటి కొంత కిందికి జారుతుంది కాబట్టి చెయ్యి పొడవును భుజం ఎముక నుంచి కాక ఆ జారిన అంచు నుంచి కొలవాలి. కొత్తవారి కబాయిల్లో చేతులు వేళ్లదాకా రావడానికి సాధారణ కారణం ఈ తేడాను లెక్కలోకి తీసుకోకపోవడమే. ఇక చంక కింద వేయవలసిన ఐదంగుళాల చదరపు ముక్క చిన్నదే గానీ, అంగీ మొత్తానికి ప్రాణం అదే. చెయ్యి పైకెత్తినప్పుడు ఒంటి బట్టా చేతి బట్టా కలిసే మూల మీద లాగుడు పడుతుంది, ఆ చదరం ఐమూలగా మడత పడి, సాగి ఆ లాగుడును భరిస్తుంది. అది లేకుండా కుట్టిన రాజు వేషంలో కత్తి ఎత్తిన క్షణాన చంకలో బట్ట చిరగడం ఖాయం.

మెడ దగ్గర తొందర పనికిరాదు. ఒంటి ముక్కను భుజాల వద్ద ఒకసారి, నిలువునా ఒకసారి మడిచి ఇస్త్రీ చేస్తే రెండు మడతలు కలిసే బిందువు మెడ నడుమ అవుతుంది. దానికి అటూ ఇటూ మూడేసి అంగుళాలు, ముందుకు మూడంగుళాలు, వెనక్కి ఒక్క అంగుళం గుర్తుపెట్టి, ఆ గుర్తులను చాక్‌తో గుండ్రంగా కలిపి, ముందువైపు నిలువుగా మరో ఆరంగుళాల చీలిక గీయాలి. అయితే అప్పుడే కత్తెర పెట్టకూడదు. పదంగుళాల వెడల్పు, పద్నాలుగు అంగుళాల పొడవు గల మెడ పట్టీని ఒంటి ముక్క మంచివైపు మీద బోర్లించి, గుండుసూదులు పెట్టి, గీత వెంబడి రెండు పొరలనూ కలిపి కుట్టి, ఆ తరువాతే లోపలి భాగాన్ని పావు అంగుళం విడిచి కత్తిరించాలి. చీలికకు రెండు పక్కలా పావు అంగుళం దూరంలో కుడుతూ కింది కొసన కోణంగా కలిపి, కత్తెర మొనను ఆ కోణం దాకా, కానీ కుట్టు తెగకుండా, పోనివ్వాలి. వంపుల మీద అంగుళానికొక చిన్న గాటు పెట్టి పట్టీని లోపలికి తిప్పితే మెడ ముడతలు లేకుండా కూర్చుంటుంది. పట్టీని తిరగవైపు నుంచి మంచివైపుకు తిప్పి, రంగు బట్టతో వేస్తే అదే అలంకారపు అంచు కూడా అవుతుంది. ఆ పద్ధతిలో మొదట పట్టీని బోర్లించవలసింది ఒంటి ముక్క తిరగవైపు మీద.

తరువాతి క్రమం సాఫీగానే నడుస్తుంది. బట్టను బల్ల మీద పరిచి ఉంచి, చేతి ముక్క నడిమి గుర్తును భుజం మడతకు కలిపి చేతులను ముందుగా అతకాలి. చంక చదరానికి ఒక అంచును చేతి కింది అంచుకూ, పక్క అంచును ఒంటి ముక్క అంచుకూ కుడుతూ, మూలకు అర అంగుళం ముందే కుట్టు ఆపాలి. మూల దాకా కుడితే చదరం తిరగదు, ముడత పడుతుంది. ఆపైన నాలుగు కలీలను ముందు రెండింటినీ, వెనుక రెండింటినీ నడుము నుంచి కిందికి అతికి, చివరగా ముందు భాగాన్నీ వెనుక భాగాన్నీ మణికట్టు నుంచి చంక మీదుగా కింది అంచు దాకా ఒకే పొడవైన కుట్టుతో కలపాలి. మిషను మీద అంగుళానికి పది నుంచి పన్నెండు కుట్లు, మధ్యరకపు నూలుకు పద్నాలుగు నంబరు సూది సరిపోతాయి. మిషను లేనివారు ఆగనక్కరలేదు, విజయనగరంలో అన్నీ చేతికుట్లే: ప్రతి కుట్టుకూ సూదిని కొంత వెనక్కి తెచ్చి మళ్లీ ముందుకు గుచ్చే కుట్టు పక్కలకు గట్టిగా నిలుస్తుంది, అంచులకు సన్నని హెమ్మింగు చాలు. కింది అంచు మడిచే ముందు కబాయిని ఒక రాత్రి వేలాడదీయడం తప్పనిసరి, కలీల ఐమూల దారాలు తమ బరువుకు తామే కొంత సాగుతాయి కాబట్టి, తెల్లవారాక నేల నుంచి కొలిచి సమం చేసుకున్న అంచు మాత్రమే సమంగా నిలుస్తుంది.

కుళ్లాయి వంతు వచ్చేసరికి బడిలో నేర్చిన గణితం అక్కరకొస్తుంది. వృత్తంలో నాలుగో వంతు ముక్కను చుడితే శంఖువు ఏర్పడుతుంది, దాని కింది చుట్టుకొలత వ్యాసార్ధానికి పదకొండు బై ఏడు వంతులు ఉంటుంది. కాబట్టి తల చుట్టుకొలతను ఏడుతో గుణించి పదకొండుతో భాగిస్తే కావలసిన వ్యాసార్ధం వస్తుంది: ఇరవై రెండు అంగుళాల తలకు సరిగ్గా పద్నాలుగు అంగుళాలు. కుట్టు కోసం అర అంగుళం, కింది మడతకు ఒక అంగుళం అదనంగా ఉంచి, జరీ గీతలున్న పాత చీర అంచు బట్టనూ, దాని వెనుక దర్జీలు కాలర్లకు వాడే కాన్వాసునూ కలిపి కత్తిరించి, నిటారు అంచులను కుట్టి తిప్పితే కుళ్లాయి నిలబడుతుంది. మొన మరీ పదునుగా ఉంటే జోకరు టోపీని తలపిస్తుంది కాబట్టి కొసను అంగుళం మేర గుండ్రంగా కత్తిరించి కుట్టడం మేలు; లేపాక్షి బొమ్మల్లోని టోపీలు కూడా సూదిమొనలా ముగియవు.

అలంకారం విషయంలో నిగ్రహం అవసరం. చేతుల చివర, మెడ చుట్టూ, కింది అంచున అద్దకం పట్టీ ఒకటి, నడుముకు రెండున్నర మీటర్ల రంగు దట్టీ, కింద పంచె ఉంటే ఉడుపు పూర్తయినట్టే. పేస్ చెప్పిన బంగారు గులాబీలను తలపించాలనుకుంటే చెక్క అచ్చుతో అక్కడక్కడ దూరదూరంగా పూలు అద్దవచ్చు గానీ, పూసలూ చెమ్కీలూ అతికిస్తే మళ్లీ అద్దె దుస్తుల దారే పట్టినట్టవుతుంది.

కుట్టేవారే కాక నాటకం ఆడించేవారు కూడా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. విజయనగర వేషధారణ మీద 1996లో వ్యాసం ప్రచురించిన చరిత్రకారుడు ఫిలిప్ వాగనర్, ఒళ్లంతా కప్పే కబాయి ప్రధానంగా కొలువు మర్యాదకూ, పరదేశాల వారితో వ్యవహారానికీ చెందిన ఉడుపు అని వివరించాడు. తిరుమల ఆలయంలో ఇరువురు దేవేరుల నడుమ చేతులు జోడించి నిలిచిన కృష్ణదేవరాయల లోహ విగ్రహానికి తలమీద పొడవైన టోపీ ఉన్నా, ఒంటిమీద అంగీ లేదు, నడుముకు పంచె మాత్రమే ఉంది. కొలువు దృశ్యం వెంటనే అహోబిల నరసింహుడి దర్శన దృశ్యం వచ్చే నాటకంలో, రాజు పాత్రధారి తెర వెనుక క్షణాల్లో కబాయి విడవవలసి ఉంటుంది. అలాంటి నాటకానికి మెడ చీలికతో ఆపకుండా, ముందు భాగాన్ని నిలువు దారం వెంట కింది దాకా చీల్చి, కొన్న బట్టలో మిగిలిన అడుగు ముక్క నుంచి మూడంగుళాల వెడల్పు పట్టీలు తీసి, అతికి, రెండు అంచులకూ వేసి, ఛాతీ దగ్గరా నడుము దగ్గరా నాడాలు కుడితే, పారసీక కబాకు దగ్గరైన రూపమూ వస్తుంది, రెండు ముళ్లు లాగితే అంగీ ఊడివస్తుంది.